నలభై రెండు లక్షల ఇన్‌పేషెంట్లు

మా ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో ప్రతి ఉదయం పది గంటలకు నేను ఒక అంకె కోసం బయలుదేరతాను. అది రోగుల ఆక్సిజన్ అంకె. తొంభై నాలుగుకు తగ్గకూడదు. తగ్గిందా, నేను కంప్యూటర్లో ఎక్కించిన మరుక్షణం ఆ గడి ఎర్రబడుతుంది. రాజధానిలోని మా ప్రధాన కార్యాలయంలో ఎవరో ఉలిక్కిపడతారు, ఇక్కడ మా సూపరింటెండెంటు గారి ఫోన్ మోగుతుంది. రికార్డుల గుమాస్తాగా ఇరవై రెండేళ్ళలో చాలా అంకెలు రాశాను గానీ, ఇంత పలుకుబడి ఉన్న అంకెను చూడలేదు.

దీనికి కారణం లేకపోలేదు. నాలుగేళ్ళ కిందట పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన కుర్చీలోనే సొమ్మసిల్లాడు. ఆక్సిజన్ అన్నారు. తెల్లరంగుతో 7 అని రాసి ఉన్న సిలిండర్ను దొర్లించుకొచ్చారు, మాస్కు పెట్టారు, మర తిప్పారు. అది ఖాళీ. ఎవరో మొహాన నీళ్ళు కొడితే ఆయన లేచి కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది. తర్వాత విచారణ సంఘం వేశారు. సంఘం మూడు నెలలు కూర్చుని, ఆక్సిజన్ అంకె రాయడానికి ఆసుపత్రిలో సరైన ఫారం లేకపోవడమే లోపమని తేల్చింది. ఫారం వచ్చింది. "ఈ ప్రాంగణంలో సంరక్షణలో ఉన్న ఏ ప్రాణికైనా ఆక్సిజన్ 94కు తగ్గరాదు" అని దాని నెత్తిన అచ్చు వేయించారు. సిలిండర్లకు అందులో గడి లేదు.

ఈ ఏడాది ఆ ఫారానికి ఒక సర్క్యులర్ తోడైంది. ఆక్సిజన్ అంకె కనిపించే ప్రతి యంత్రం దగ్గరకూ వెళ్ళి చూడాలట. అలా ఒక సోమవారం నేను రెండో అంతస్తులోని పరిశోధనశాల మెట్లెక్కాను. అక్కడ డాక్టర్ సువార్త అనే పరిశోధక విద్యార్థిని మూడేళ్ళుగా ఏదో చేస్తోందని తెలుసు గానీ, ఏం చేస్తోందో ఎప్పుడూ అడగలేదు. ఫ్రిజ్జు లాంటి ఒక అల్మరా ఉంది. దాని నుదుట ఎర్రటి అంకె వెలుగుతోంది. ఆక్సిజన్, మూడు.

"డాక్టరు గారూ, లోపల ఎవరున్నారండి?" అన్నాను.

"కణాలండి తాతారావు గారూ. పంటి లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది కదా, అందులోంచి తీసిన మూలకణాలు."

"వాటికి ప్రాణం ఉంటుందా?"

నన్ను అలా అడిగినవాళ్ళు ఈ మూడేళ్ళలో ఎవరూ లేరనుకుంటాను, ఆవిడ మొహం వెలిగిపోయింది. "భేషుగ్గా ఉంటుందండి! నలభై రెండు లక్షలున్నాయి. ఎంత చక్కగా పెరుగుతున్నాయో చూస్తారా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను ఫారం తీసి రాసుకున్నాను. ప్రాణులు ఉన్నవి. ఆక్సిజన్ 3.

పదకొండు గంటలకు సూపరింటెండెంటు డాక్టర్ భుజంగరావు గారు ఆవిడను పిలిపించారు. నన్ను పక్కన నిలబడమన్నారు. ఆయన మంచివారే. ముప్ఫై ఏళ్ళ కిందట పళ్ళు బాగా పీకేవారని చెబుతారు. ఆ తర్వాత ఈ సూపరింటెండెంటు కుర్చీలోకి వచ్చి సర్క్యులర్లు చదివి చదివి, ఆయన మాట కూడా సర్క్యులర్ లాగే తయారైంది.

"డాక్టర్ సువార్తా, మీ సంరక్షణలోని ప్రాణులను మూడు వద్ద నిర్వహిస్తున్నట్లు నా దృష్టికి తేబడింది. ఇది తీవ్రంగా పరిగణించదగిన విషయం."

"సార్, అది వేరే కొలత సార్. తొంభై నాలుగంటే వేలికి క్లిప్పు పెట్టి చూసేది, రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండిందో చెబుతుంది. ఇది గాలిలో ఆక్సిజన్ వాటా. మనం పీల్చే గాలిలో ఉండేదే ఇరవై ఒకటి. ఈ గదిలో కొలిచినా ఇరవై ఒకటే వస్తుంది సార్."

సూపరింటెండెంటు గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఆ మాట బయట అనకమ్మా. తాతారావు గారూ, ఇది రికార్డులోకి ఎక్కించకండి."

ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. పంటి లోపల ఆక్సిజన్ తక్కువేనట. ఆ కణాలు పుట్టిందే ఆ తక్కువలో కాబట్టి, మూడు దగ్గర ఉంచితే హాయిగా పెరుగుతాయి, పడుచుదనం పోదు. మామూలు గాలిలో తొందరగా ముసలివైపోతాయి. శుక్రవారం ఆఖరి కొలత తీసుకుంటే పరిశోధన పూర్తవుతుంది, నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు, మూడోసారి పెంచరు.

"తొంభై నాలుగు పెడితేనో?"

"చచ్చిపోతాయి సార్."

"సైన్సు నాకూ తెలుసమ్మా. ఫారంలో సైన్సుకు గడి లేదే!" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. కాసేపు ఆలోచించి దారి చూపించారు. "మినహాయింపు కోరుతూ పైకి రాద్దాం. కానీ మినహాయింపు ఇన్‌పేషెంటుకు మాత్రమే వర్తిస్తుంది. ముందు వాటిని చేర్పించు. చేర్పు సంఖ్య ఉంటే రోగి, రోగి అయితే ప్రాణి, ప్రాణి అయితే ఫారం. అప్పుడంతా క్రమబద్ధం."

క్రమబద్ధం చేసింది నేనే. కేసుషీటు ఒకటే, రోగుల సంఖ్య నలభై రెండు లక్షలు. వయసు ఆరు వారాలు. వృత్తి అన్నచోట 'పెరుగుట' అని రాశాను. సంరక్షకుల పేరు దగ్గర ఆగిపోయాను. సంతకం లేకుండా చేర్చుకోవడం కుదరదు. ఆ పన్ను ఎవరిదని అడిగితే, గేటు బయట బండి మీద పెసరట్లు వేసే సత్యవేణిదని తేలింది. రెండు నెలల కిందట ఆమెకు జ్ఞానదంతం పీకారు. కబురు పెడితే పొయ్యి ఆర్పేసి, చేతిలో అట్లకాడతో వచ్చింది. తన అట్లకాడ ఇంకొకరి చేతిలో పడితే ఆ రోజు అట్టు పెనానికి అంటుకుంటుందని ఆమె నమ్మకం. అందుకని ఎక్కడికెళ్ళినా వెంట ఉంటుంది.

"పీకేసిన పన్నుకి మళ్ళీ సంతకమేంటండి బాబూ?"

"పన్ను కాదమ్మా, లోపల కణాలు. బతికున్నాయి."

"నావేనా అండి?"

"నీవే."

"ఎన్నున్నాయేంటి?"

చెప్పాను. ఆమె అక్కడే బల్ల మీద కూలబడింది. "నలభై రెండు లచ్చలా! నాకొక్క కూతురండి, దానికి జడెయ్యడానికే తీరిక లేదు." అయినా సంతకం పెట్టింది. రోగితో బంధుత్వం అన్నచోట ఏం రాయాలో తోచక 'తల్లి' అని రాశాను. ఆ మాట చదివి వినిపించాక ఆమె తీరు మారిపోయింది. మర్నాటి నుంచి బండి తెరిచే ముందు పరిశోధనశాలకు వచ్చి, అల్మరా అద్దంలోంచి చూసి, "తిన్నాయా అండి?" అని అడిగేది. తిన్నాయని, పొద్దున్నే కొత్త ద్రవం పోశానని సువార్త ఓపిగ్గా చెప్పేది.

మంగళవారం మా ఆసుపత్రికి దశ తిరిగింది. మాకున్నవి ఇరవై పడకలు. ఇన్‌పేషెంట్లు నలభై రెండు లక్షల తొమ్మిది మంది. పడకల వినియోగం రెండు కోట్ల పది లక్షల శాతమని కంప్యూటరు దానంతటదే లెక్కగట్టి పైకి పంపేసింది. మధ్యాహ్నం వీడియో సమావేశంలో ప్రధాన కార్యాలయపు పెద్దాయన, "పరిమిత వనరులతో ఈ ఆసుపత్రి సాధించిన ఫలితాన్ని మిగతా జిల్లాలు ఆదర్శంగా తీసుకోవాలి" అన్నారు. తొమ్మిదో నంబరు పడక మీద ఒకడే పడుకుని ఉన్న రోగికి ఈ సంగతి చెబితే కాళ్ళు ముడుచుకున్నాడు. సూపరింటెండెంటు గారు కొత్త టై కొనుక్కున్నారు. మరి శుక్రవారం అభినందన బృందం వస్తోంది.

బుధవారం మినహాయింపు ఉత్తర్వు వచ్చింది. ఒక ఆసుపత్రికి నెలకు రెండు మినహాయింపులు మాత్రమే.

"రెండిటిని ఎంపిక చేసుకోమ్మా," అన్నారు సూపరింటెండెంటు గారు.

"సార్, నలభై రెండు లక్షల్లోంచా?"

"ప్రతిభ ప్రాతిపదికన. మిగతావాటిని శుక్రవారం బృందం వచ్చేలోగా తొంభై నాలుగుకు తీసుకురావాలి. రాష్ట్రంలోని ఎర్ర గడులన్నీ మనవేనట. ముందు ఒక లక్షతో నమూనాగా మొదలుపెట్టు."

ఆవిడ ఎంత బతిమాలినా ఆయన వినలేదు. మిగతావాటిని కాపాడుకోవచ్చన్న ఆశతో ఒక సీసా ఇచ్చింది. దాన్ని ఆపరేషన్ థియేటర్లో గోడకున్న ఆక్సిజన్ పైపుకు తగిలించి తొంభై నాలుగు చేశారు. ఆ రోజు ఒక గడి పచ్చబడింది, సూపరింటెండెంటు గారు నాకు టీ ఇప్పించారు.

గురువారం పొద్దున్న సువార్త ఆ సీసాను సూక్ష్మదర్శిని కింద పెట్టి, నన్నూ చూడమంది. ముందు రోజు పైపు తగిలించక ముందు చూపించినప్పుడు సన్నగా సాగి, ఒకదాన్నొకటి ఆనుకుని పరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు ముడుచుకుపోయి, గుండ్రంగా, అడుగు నుంచి ఊడి తేలుతున్నాయి. ఆవిడ గ్లవ్స్ విప్పి మొహం కప్పుకుంది. సత్యవేణి మాత్రం పైకే ఏడ్చింది. "ఒక్క రోజులో లచ్చ మందాండీ! ఎవరు సెప్పారండి ఆటికి గాలెట్టమని?"

నాకు చాలా సిగ్గేసింది. ఆ మూడు అంకె రాసింది నేనే. లోపల ఎవరున్నారని అడిగానే గాని, వాళ్ళు ఎలా ఉన్నారని అడగలేదు.

కింద సూపరింటెండెంటు గారి గదిలో కంగారు వేరే రకంగా ఉంది. మా ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా మరణాలు సున్నా. ఎవరైనా చనిపోతే ఒక్కొక్కరికి నాలుగు పేజీల ఫారం, మూడు సంతకాలు, ఇరవై నాలుగు గంటల్లో ఒక సమీక్షా సమావేశం. లక్ష సమావేశాలు. ఆయన క్యాలెండర్ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

"తాతారావు గారూ, వాళ్ళు చనిపోయారని అనడానికి మన దగ్గర ఆధారమేముంది? చికిత్స మధ్యలో చెప్పకుండా వెళ్ళిపోయారని కూడా భావించవచ్చు కదా."

అలా లక్ష మంది రోగులు గోడ దూకి పరారయ్యారని ఆయన స్వహస్తాలతో రాశారు. మిగిలింది నలభై ఒక్క లక్షలు. సాయంత్రం నుంచి వాటికీ పైపు తగిలించాలని ఉత్తర్వు తయారుగా ఉంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మరణాలు సున్నా ఎలా అయ్యాయో రికార్డుల గుమాస్తాకు తెలియదా? ఎవరి పరిస్థితైనా అటూ ఇటూగా కనిపిస్తే వెంటనే పెద్ద ఊరి ఆసుపత్రికి రిఫర్ చేసేస్తాం. పోయేదేదో దారిలోనో అక్కడో పోతుంది. నేను పరుగున పైకి వెళ్ళి, "డాక్టరు గారూ, మీ మూడు శాతం అల్మరా ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగాను. తన గైడు గారి ప్రయోగశాలలో ఉందని, ఐదు గంటల దారి అని ఆవిడ చెప్పింది. మళ్ళీ కిందికి దిగి, "అయ్యా, ఇవి కూడా దక్కేలా లేవు. ఉన్నత కేంద్రానికి రిఫర్ చేసేద్దామండి" అన్నాను.

భుజంగరావు గారి మొహంలోకి రక్తం వచ్చింది. "మెరుగైన వైద్యం నిమిత్తం!" అన్నారు.

సువార్త అరగంటలో సీసాలన్నీ ఒక పెట్టెలో సర్ది, అల్మరాలోని గాలినే అందులో నింపి, గట్టిగా మూసింది. అలా ఐదు గంటలు ఏమీ కాదంది. అంతా బాగానే ఉందనుకుంటుండగా సూపరింటెండెంటు గారు నిబంధనల పుస్తకంతో అంబులెన్సు దగ్గరికి వచ్చారు. రిఫర్ చేసిన రోగి వెంట సంరక్షకులు ఉండాలి, సత్యవేణి ఎక్కింది. రికార్డులు ఉండాలి, నేను ఎక్కాను. దారి పొడవునా ఆక్సిజన్ పెట్టాలి.

"వద్దు సార్, మీకు దండం పెడతాను," అంది సువార్త.

"మార్గమధ్యంలో ఏదైనా జరిగితే ఆక్సిజన్ పెట్టలేదన్న అపప్రథ మనకు రాకూడదమ్మా." పెట్టె మూతకు ఆయన దగ్గరుండి చిల్లు పెట్టించి, అంబులెన్సు మూలనున్న సిలిండర్ గొట్టాన్ని అందులో దూర్చి, మర తిప్పి, ఎవరూ కట్టేయకుండా దాని మీద లక్క సీలు వేయించారు. సీలు ఊడితే సువార్త రిజిస్ట్రేషన్ రద్దు. అరగంటకోసారి నేను సీలు ఫోటో తీసి పంపాలి.

అంబులెన్సు కదిలింది. నడిపేది అబ్బులు. వాడికి హారన్ మీద ఉన్న శ్రద్ధ బ్రేకు మీద ఉండదు. సత్యవేణి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, వెచ్చగా ఉండాలన్నారని పైట కప్పి పట్టుకుంది. సువార్త గడియారం చూసుకుంటోంది. ఊరు దాటాం, కాలవ వంతెన దాటాం. మొదటి ఫోటో పంపాను.

"అరగంట అయింది," అంది సువార్త. "గంట దాటితే ఇంక అక్కడికి వెళ్ళక్కర్లేదు. మూడేళ్ళండి తాతారావు గారూ. మా ఇంట్లోవాళ్ళు ఇంకా అదే సీసానా అని నవ్వుతారు. పన్ను పీకకుండా లోపలి గుజ్జును మళ్ళీ పెంచొచ్చేమోనండి, అందుకే ఈ గోలంతా."

నేను జీవితంలో ఒక్క సీలు కూడా విప్పలేదు. పెళ్ళిలో మా మామగారిచ్చిన గడియారం పెట్టెకున్న సీలు కూడా మా ఆవిడే తీసింది. అలాంటివాణ్ణి సత్యవేణి నడుముకున్న అట్లకాడ అడిగి తీసుకున్నాను. ఆమె నా మొహం చూసి, మారుమాట్లాడకుండా ఇచ్చేసింది.

"మీరు చూడలేదు డాక్టరు గారూ. విరగ్గొట్టింది నేను, అలాగే రాసి సంతకం పెడతాను," అని లక్క మీద ఒక్కటిచ్చాను. సీలు రెండు ముక్కలైంది. మర పట్టుకుని గబగబా కట్టేయబోయాను. అది ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగింది. గొట్టం ఊడదీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు. పైనున్న ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

"అబ్బులూ, ఇందులో గాలి లేదేంట్రా?"

వాడు అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఆయ్, అది కాళీదండి. నాలుగేళ్ళుగా కాళీయే. సిలిండరుండాలన్నారు గానీ అందులో ఏదైనా ఉండాలని ఎవరూ అన్లేదండి."

సువార్త ఏడుస్తూనే పకపకా నవ్వి, పెట్టె చిల్లుకు గబగబా టేపు అంటించింది. సత్యవేణి అట్లకాడ వెనక్కి లాక్కుని పైటతో తుడుచుకుంది. నేను మాత్రం సిలిండర్ను పక్కకు తిప్పి చూశాను. తెల్లరంగుతో 7 అని రాసి ఉంది.

నలభై ఒక్క లక్షలూ క్షేమంగా చేరాయి. శుక్రవారం కొలత తీసుకున్నారు. అంకెలు చూసి ఆవిడ గైడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారట. నెలాఖరుకు ఒకరోజు ముందే థీసిస్ ఇచ్చేసింది. మొదటి పేజీలో కృతజ్ఞతలు సత్యవేణికి. ఆ పేజీ ఇప్పుడు పెసరట్ల బండికి అతికించి ఉంది. మా దగ్గరికి వచ్చిన అభినందన బృందం ఇరవై పడకలకు తొమ్మిది మందిని చూసి, మెరుగైన వైద్యానికి ఇంత పెద్దఎత్తున రిఫర్ చేసినందుకు మరో ప్రశంసాపత్రం ఇచ్చి వెళ్ళింది. సీలు సంగతి ఎవరూ అడగలేదు. రెండో ఫోటో రాలేదని కూడా ఎవరూ గమనించలేదు.

కానీ తిరుగు ప్రయాణంలో సత్యవేణి ఒక మాట అడిగింది. "పిల్లలు కాబట్టి సరిపోయిందండి. రేపు దీంట్లో మడిసెక్కితేనో?" ఆ మాట నన్ను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు.

సోమవారం పది గంటలకు నేను మామూలుగా అంకె కోసం తిరగలేదు. బల్ల దగ్గర కూర్చుని ఒక కొత్త కేసుషీటు తీశాను. రోగి పేరు, ఏడో నంబరు. వయసు, తుప్పును బట్టి పదిహేనేళ్ళు. బాధ, ఊపిరి బొత్తిగా లేదు. తండ్రి పేరు దగ్గర డాక్టర్ భుజంగరావు గారి పేరు రాశాను. ఆక్సిజన్, సున్నా. చేర్పు సంఖ్య ఇచ్చి కంప్యూటర్లో ఎక్కించాను. గడి అంత ఎర్రగా మారడం నేనెప్పుడూ చూడలేదు. సున్నా ఎన్నడూ రాలేదేమో మరి.

ఐదు నిమిషాల్లో సూపరింటెండెంటు గారు పిలిచారు. ఫోన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "ఏమిటిది? సిలిండరు ప్రాణి ఎలా అవుతుంది?"

"చేర్పు సంఖ్య ఉంటే రోగి, రోగి అయితే ప్రాణి అని తమరే సెలవిచ్చారండి."

"డిశ్చార్జి చేసేయండి."

"తొంభై నాలుగు ఉంటేగాని డిశ్చార్జి కుదరదండి."

"రిఫర్ చేద్దాం."

"చేయొచ్చండి. కానీ దారి పొడవునా ఆక్సిజన్ పెట్టాలి."

ఆయన నాలుగు పేజీల మరణాల ఫారం ఉండే సొరుగు వైపు చూశారు. చనిపోయాడని రాయడం గురించి కూడా ఆలోచించారని ఆ కళ్ళు చూస్తే తెలిసింది. ఇరవై ఏళ్ళ సున్నా గుర్తొచ్చి మానుకున్నట్టున్నారు. సాయంత్రం నాలుగు గంటలకు ఏడో నంబరు నిండుగా తిరిగొచ్చింది. అబ్బులు దాన్ని ఎక్కించుకుంటూ, "బరువెక్కాడండి, ఆయ్" అన్నాడు. మంగళవారం నేను మిగతా పదకొండు సిలిండర్లనూ చేర్చుకున్నాను.

ఇప్పటికీ పన్నెండు మందీ మా ఇన్‌పేషెంట్లే. రోజూ పది గంటలకు వాళ్ళ అంకె చూస్తాను. డిశ్చార్జి సంగతేమిటని పైనుంచి నెలకోసారి అడుగుతారు. ఇంకొన్నాళ్ళు పరిశీలనలో ఉంచడం మంచిదని రాస్తాను.